తీగ లేని కబురు

పరిగి నుండి తాండూరు పోవలెననిన దారి ఒక్కటియే కాదు. కొడంగలు మీదుగా పోవచ్చును; వికారాబాదు మీదుగాను పోవచ్చును. వికారాబాదు చేరినవానికి బస్సు దొరకకున్నను రైలున్నది. ఒక దారిలో వంతెనపై నీరు పారుచున్నదని పెండ్లివారు ప్రయాణము మానుకొనరు. చుట్టు తిరిగియైనను ముహూర్తమునకు చేరుదురు. వారిని చేర్చినది బండి బలము కాదు, రెండవ దారి యుండుట. ఈ కాలమున కర్మాగారములలో విరివిగా వాడుకలోనికి వచ్చుచున్న నిస్తంత్రి కొలత పరికరముల సంగతియు ఇట్టిదే. తీగ లేకుండ కబురు పంపుట నేడు వింత కాదు. పంపిన ప్రతి కబురును, ప్రతి దినమును, పది సంవత్సరములపాటు తప్పక చేరునట్లు చేయుటయే కష్టము. ఆ కష్టమును తీర్చునది పరికరముల శక్తి కంటె వానిని నాటుటకు ముందు వేసికొను పథకము.

తాండూరు ప్రాంతము సున్నపురాతి నేల. ఇండ్లలో పరచు తాండూరు బండలు ఆ రాతివే. సిమెంటునకు ముడిసరకును ఆ రాయియే. కనుకనే ఈ చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములు వెలసినవి. కరన్‌కోటలో కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి కర్మాగారము సంవత్సరమునకు 10 లక్షల టన్నుల సామర్థ్యముతో నిర్మింపబడినది. ప్రైవేటు కంపెనీల కర్మాగారములును కలవు. ఈ వ్యాసములో ముందు రాబోవు లెక్కలు వీనిలో ఏ ఒక్కదానివియు కావు. అట్టి కర్మాగారము నొకదానిని కాగితముపై ఊహించుకొని, అందులో నిస్తంత్రి వలను ఎట్లు పరచవలెనో చూచుటయే ఇచట ఉద్దేశము.

సిమెంటు కర్మాగారము ఒక ఇల్లు కాదు, ఒక ఊరు. గనిలో రాయి పగులగొట్టబడి, క్రషరులో నలిగి, మైలు పొడవున సాగు కన్వేయరు బెల్టుపై ప్రయాణము చేసి, మిల్లులో పిండియై, ఎత్తయిన ప్రీహీటరు గోపురములో వేడెక్కి, తిరుగుడు కొలిమిలో ప్రవేశించును. ఈ కొలిమి పండుకొనబెట్టిన పెద్ద ఉక్కు గొట్టము. కొంచెము ఏటవాలుగా నుండి, నిమిషమునకు మూడు నాలుగు చుట్లు తిరుగుచుండును. లోపల పదార్థము సుమారు 1,450 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో క్లింకరుగా మారును. ఆ వేడికి ఉక్కు నిలువదు. కనుక లోపల అగ్ని ఇటుకలు పేర్చియుందురు. వానిలో కొన్ని జారిపడినచో ఆ చోట గొట్టము ఎర్రబారును. ముందుగా తెలిసినచో మంటను సవరించి గండము గడపవచ్చును. ఆలస్యముగా తెలిసినచో కొలిమిని ఆర్పవలసి వచ్చును. ఆర్పి, చల్లార్చి, ఇటుక పేర్చి, మరల వెలిగించుటకు దినములు పట్టును.

ఇట్లే బెల్టు రోలర్ల బేరింగులు వేడెక్కుచున్నవా, ఫ్యానులు అదురుచున్నవా, గోదాము గోపురములలో సరుకు ఏ మట్టమున నున్నది అను ప్రశ్నలు వందలకొలది కలవు. వీనికి జవాబు చెప్పునవే ఫీల్డు పరికరములు. కంట్రోలు గదిలో కాక, పని జరుగు చోటనే నాటబడి యుండుటచే వానికి ఆ పేరు వచ్చినది.

ఇంతవరకు ఈ పరికరములు కంట్రోలు గదికి రెండు తీగలద్వారా కబురు పంపుచుండెడివి; నేటికిని చాలవరకు అట్లే పంపుచున్నవి. కొలత కనిష్ఠమైనపుడు తీగలో 4 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమును, గరిష్ఠమైనపుడు 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమును పోవునట్లు అమర్తురు. కనిష్ఠమునకు సున్న పెట్టక 4 ఏల పెట్టిరి? ఇందులో చక్కని యుక్తి యున్నది. ప్రవాహము నిజముగా సున్నయైనచో తీగ తెగినదని అర్థము. అనగా తీగ తెగిన సంగతిని ఆ తీగయే చెప్పును. నిస్తంత్రిలో ఈ సౌకర్యము దానంతట అది రాదు, ఏర్పాటు చేసికొనవలెను. ఆ సంగతి ముందు వచ్చును.

తీగ మంచిదే. కాని తిరుగుచున్న కొలిమిపై నాటిన పరికరమునకు తీగ ఎట్లు కట్టుదురు? మైలు పొడవు బెల్టు వెంబడి ప్రతి బేరింగునకు కేబులు లాగుటకు, దానిని గొట్టములలో దాచుటకు, పిడుగులనుండి కాపాడుటకు అగు వ్యయము పరికరము ధరను మించిపోవును. కనుక ఇట్టి చోట్ల పూర్వమునుండి ఒక మనిషి షిఫ్టుకొక మారు ఉష్ణమాపకము చేతబట్టి తిరుగుచు, పుస్తకములో వ్రాసికొని వచ్చుట వాడుక. తిరుగుచున్న బెల్టు ప్రక్కన, దుమ్ములో, రాత్రిపూట జరుగు పని అది. ఎనిమిది గంటలలో ఒక్క కొలత. ఆ నడుమ బేరింగునకు ఏమి జరిగినను తెలియదు. నిస్తంత్రి పరికరము ముఖ్యముగా భర్తీ చేయునది తీగను కాదు, ఈ రాత్రి నడకను.

తరంగముల కథ

రేడియో తరంగములన్నియు ఒక్క జాతివే యైనను వాని నడవడి తరంగదైర్ఘ్యమును బట్టి మారును. దీనికి వికారాబాదు జిల్లాలోనే రెండు కొసలకును ఉదాహరణములు చూపవచ్చును. పూడూరు మండలములోని దామగుండము అడవిలో భారత నౌకాదళము వారి అతి తక్కువ పౌనఃపున్య కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. (అడవిని గూర్చి చెలరేగిన వాదోపవాదములు వేరొక సంగతి.) సెకనుకు 3 వేలనుండి 30 వేల కంపనములు గల ఆ జాతి తరంగములు ఒక్కొక్కటి 10 మొదలు 100 కిలోమీటర్ల పొడవుండును. అవి సముద్రపు నీటిలోనికి కొంతలోతు చొచ్చుకొనిపోయి జలాంతర్గాములకు కబురందించును. కాని అవి మోయగలిగిన సమాచారము బహు స్వల్పము; వానికి కావలసిన ఏరియళ్ళు బహు పెద్దవి.

కర్మాగారపు పరికరము వాడునది దీనికి పూర్తిగా ఎదుటి కొస. సెకనుకు 240 కోట్ల కంపనములు, అనగా 2.4 గిగాహెర్ట్జులు. తరంగదైర్ఘ్యము పన్నెండున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు జానెడులో సగము కంటె కొంచెము ఎక్కువ. ఏరియలు చూపుడువేలంత చాలును. భారతదేశములో తక్కువ శక్తితో ఈ పట్టీని వాడుకొనుటకు 2005 నుండి లైసెన్సు అక్కరలేదు. అయితే లైసెన్సు అక్కరలేని చోట అందరును చేరుదురు. వై-ఫై, బ్లూటూత్ ఇచటనే యున్నవి. క్యాంటీనులో కూర వేడిచేయు మైక్రోవేవు పొయ్యి సైతము ఇచటనే కూయును.

ఒక చిన్న లెక్క. పరికరము 10 మిల్లీవాట్లతో సంకేతమును విడిచినదనుకొనుడు. అడ్డులేని మైదానములో 100 మీటర్లు పోయి సాధారణపు ఏరియలుకు అందునప్పటికి అందులో పదికోట్లవ వంతు మిగులును. ఇది చాల తక్కువగా కన్పట్టును గాని, మంచి గ్రాహకమునకు అందులో మూడువందలవ వంతైనను చాలును. అనగా చేతిలో మూడువందల రెట్లు మిగులున్నది. ఈ మిగులును తినివేయునవి ఇనుపదూలములు, కాంక్రీటు గోడలు, నిలిపియుంచిన లారీలు. సిమెంటు దుమ్మును చూచి భయపడనక్కరలేదు. ఈ పొడవు తరంగములకు పొడి దుమ్ము అడ్డు కాదు. వానచినుకులును కావు.

అడ్డు కంటెను చిత్రమైనది ప్రతిధ్వని. ఇనుము అద్దము వలె తరంగములను త్రిప్పికొట్టును. తిన్నగా వచ్చిన తరంగమును, గోడకు తగిలి చుట్టు తిరిగి వచ్చిన తరంగమును గ్రాహకము కడ కలిసికొన్నపుడు, ఒకటి ఎగయుచుండగా వేరొకటి దిగుచున్నచో రెండును చెల్లిపోవును. ఏరియలును నాలుగు వ్రేళ్ళ వెడల్పు ప్రక్కకు జరిపినచో సంకేతము మరల బాగుగా విన్పించును! ఏరియలును జరుపుటకు మారుగా పౌనఃపున్యమును జరిపినను అదే ఫలితము. చుట్టుదారి తిన్నని దారి కంటె 10 మీటర్లు ఎక్కువైనచో 15 మెగాహెర్ట్జులు జరిగిన చాలును; చెల్లిపోయినది కలిసివచ్చును. ఈ పరికరముల చానెళ్ళు 5 మెగాహెర్ట్జుల ఎడముతో నుండును. అనగా మూడు చానెళ్ళు దాటుట చాలునన్నమాట.

ఇచట సామాన్యముగా కలుగు ఆలోచన ఒకటున్నది: సంకేతము చాలనిచో శక్తి పెంచరాదా? ఖాళీ మైదానములోనైనను శక్తిని నాలుగింతలు చేసినగాని దూరము రెండింతలు కాదు. ఇనుము నడుమ అంతయు కాదు. ప్రతిధ్వనివలన చెల్లిపోయిన చోట శక్తి పెంచినచో రెండు తరంగములును సమానముగా పెరిగి, మరల చెల్లిపోవును. పైగా పరికరము బ్యాటరీపై బ్రతుకుచున్నది. అరచి చెప్పుట ఇచట పరిష్కారము కాదు.

మరల మరల, వేరు వేరు దారుల

కొలత పరికరములకై ఒక నిస్తంత్రి ప్రమాణము 2007లో వెలువడినది. 1980 దశకములో తీగలపై కొలతతోపాటు అంకెల సమాచారమును పంపుటకు పుట్టిన హార్ట్ పద్ధతికి ఇది కొనసాగింపు; దీనిని వైర్‌లెస్ హార్ట్ అందురు. 2010లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము దీనిని 62591 సంఖ్యగల ప్రమాణముగా అంగీకరించినది. ఇట్టిదే మరియొక ప్రమాణమును కలదు. రెంటి మూలసూత్రములును సమీపమైనవే.

అందులో కాలము 10 మిల్లీసెకనుల గళ్ళుగా విభజింపబడియుండును. సెకనుకు నూరు గళ్ళు. ఏ గడిలో ఎవరు మాట్లాడవలెనో, ఎవరు వినవలెనో ముందుగానే నిర్ణయమై యుండును. కనుక ఇద్దరొక్కసారి మాట్లాడి కబుర్లు కలగాపులగమగుట అరుదు. తనకు పని లేని గడిలో పరికరము నిద్రించును. కబురు అందినవాడు అదే గడిలో "అందినది" అని బదులీయవలెను. బదులు రానిచో పంపినవాడు మరియొక గడిలో, వేరొక చానెలుపై, అవసరమైనచో వేరొక పొరుగువాని ద్వారా మరల పంపును. ఇట్లు 15 చానెళ్ళపై గెంతుచుండుటచే వై-ఫై ఒక మూలను ఆక్రమించినను తక్కిన మూలలు మిగులును.

ఈ గెంతుడు ఆలోచన పాతదే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున హెడీ లమార్ అను సినీనటియు, జార్జి ఆంథీల్ అను సంగీతకర్తయు కలసి, టార్పెడోను నడుపు సంకేతమును శత్రువు అడ్డగించకుండుటకై పౌనఃపున్యమును క్షణక్షణము మార్చు పద్ధతికి 1942లో అమెరికాలో పేటెంటు పొందిరి. పియానోకు 88 మెట్లున్నట్లు వారును 88 పౌనఃపున్యములను తలపోసిరి. నౌకాదళము ఆనాడు దానిని వాడుకొనలేదు.

మరల పంపుటవలన ఎంత లాభమో చూడుడు. ఒక్కొక్క అంగలో కబురు చేరుటకు నూటికి 90 వంతులు అవకాశమున్నదనుకొందము. నాలుగు అంగలలో గమ్యము చేరవలసిన కబురు ఒక్క ప్రయత్నముతో చేరు అవకాశము 0.9ను నాలుగు మారులు హెచ్చవేయగా వచ్చును: నూటికి 66 మాత్రమే. మూడు కబుర్లలో ఒకటి పోయినట్లే! ప్రతి అంగలోను మూడు ప్రయత్నములకు వీలున్నచో, మూడును తప్పుటకు అవకాశము వేయింటికి ఒకటి. నాలుగంగలకును కలిపి నూటికి 99.6 కబుర్లు చేరును. పరికరము మారలేదు, శక్తి మారలేదు.

కాని ఈ లెక్కలో ఒక మెలిక యున్నది. మూడు ప్రయత్నములును ఒకదానితో ఒకటి సంబంధము లేనివైనపుడే లెక్క నిజము. ఇద్దరు పరికరముల నడుమ లారీ వచ్చి నిలిచినచో మొదటి ప్రయత్నమును, రెండవదియు, మూడవదియు ఒకే లారీకి తగిలి చచ్చును. మూతపడిన కొడంగలు దారిలో మూడు మారులు బయలుదేరినంత మాత్రమున తాండూరు చేరము కదా! అందుచేత ప్రతి పరికరమునకును నిజముగా వేరువేరు దిక్కులనున్న పొరుగువారు కావలెను. వారిని సమకూర్చుటయే పథకకర్త పని. యంత్రము దారి వెదకుకొనును గాని, లేని దారిని సృష్టింపలేదు.

పటము ముందు కూర్చొని

పథకమునకు మొదట కావలసినది కర్మాగారపు పటము, కొలమానముతో గీచినది. దానిపై ప్రతి పరికరమునకు ఒక చుక్క పెట్టి, చుట్టు ఒక వృత్తము గీయవలెను. వృత్తపు వ్యాసార్ధమెంత? ఈ రంగములోనివారు అనుభవముచే కొన్ని అంకెలు పెట్టుకొన్నారు. లారీ కూడ దూరలేనంత దట్టముగా ఇనుము, గొట్టములు క్రిక్కిరిసిన చోట 30 మీటర్లు. యంత్రముల నడుమ ఖాళీలున్న సాధారణపు చోట 75. సరకు తొట్టెలు మాత్రము అక్కడక్కడ నున్న ఆరుబయట 150. కంటికి కంటికి అడ్డులేని చోట 230. అమ్మకపు పత్రములలో వ్రాయబడు కిలోమీటర్లు ఇచట పనికిరావు. అవి మైదానములో కొలిచినవి.

తరువాత మూడు నియమములు. కబుర్లన్నియు చేరు గేటువే పరికరము వృత్తములో కనీసము ఐదు పరికరములుండవలెను. ప్రతి పరికరము వృత్తములోను కనీసము ముగ్గురు పొరుగువారుండవలెను. మొత్తము పరికరములలో నాలుగవ వంతైనను గేటువేకు తిన్నగా అందవలెను. మూడవ నియమము ఏల? దూరపు కబుర్లన్నియు తుదకు గేటువే దాపుననున్న పరికరముల భుజములమీదుగనే పోవలెను. అచట ఇద్దరే యున్నచో రైలు గేటు కడ బండ్ల వలె కబుర్లు బారులు తీరును; ఆ ఇద్దరి బ్యాటరీలును ముందుగా చచ్చును.

కొలిమి, మిల్లు, ప్రీహీటరులు ఒక చోట గుమిగూడి యుండును గనుక అచట ఈ నియమములు తేలికగా సరిపోవును. చిక్కంతయు గనినుండి వచ్చు బెల్టు కడ నున్నది. దానిపై పరికరములు పూసలదండ వలె ఒక్క వరుసలో నుండును. ముందొకడు, వెనుకొకడు తప్ప మూడవ పొరుగువాడెక్కడ? బెల్టు పొడవు 1,400 మీటర్లు, వృత్తము 150 మీటర్లు అనుకొందము. డబ్బు పొదుపు చేయదలచినవాడు 140 మీటర్లకొకటి చొప్పున పది పరికరములు నాటును. పటముపై చూచుటకు అన్ని వృత్తములును ఒకదానినొకటి అందుకొనియే యున్నవి. కాని కొసనున్న పరికరపు కబురు పదియంగలు వేయవలెను. ఒక్కొక్క ప్రయత్నముతోనైనచో నూటికి 35 మాత్రమే చేరును. మరల మరల పంపుటవలన ఇది నూటికి 99 వరకు పెరుగును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని నడుమ ఒక్క పరికరపు బ్యాటరీ అయిపోయినచో దాని ఆవలివన్నియు మూగవగును. ఎన్ని మారులు పంపినను పంపుటకు ఎవరును లేరు.

ఇపుడు ఎడమును సగము చేసి 70 మీటర్లకొకటి నాటినచో ప్రతిదానికిని 70 మీటర్లలో ఇద్దరు, 140 మీటర్లలో ఇద్దరు, వెరసి నలుగురు పొరుగువారు. ఒకటి చచ్చినను కబురు దానిని దాటి గెంతగలదు. కొలుచుటకు ఏమియు లేని చోట కేవలము కబురు అందించుటకే ఒక పరికరమును నాటవలసి వచ్చును. లెక్కలు చూచు అధికారి కొట్టివేయు ఖర్చులలో ఇది మొదటిది. కొట్టివేయరానివానిలోను ఇది మొదటిది. ఇంకను ఒక లోపము మిగిలియున్నది. గేటువే కర్మాగారపు కొసనున్నచో దానికి తిన్నగా అందు బెల్టు పరికరములు రెండే. ఆ రెండును ఒకేమారు చెడినచో బెల్టంతయు మూగపోవును. క్రషరు కడకు కేబులు ఎట్లును ఉండును గనుక అచట రెండవ గేటువేను పెట్టినచో కబుర్లు చెరొక ప్రక్కకు పోవచ్చును. మిక్కిలి దూరపుదానికిని ఐదంగలు చాలును.

గేటువేను ఎచట పెట్టవలెను? కంట్రోలు గది అనువుగా నుండునని అచట పెట్టుదురు. కంట్రోలు గది సామాన్యముగా ఒక అంచున, మందపు గోడల నడుమ నుండును. గేటువే ఉండవలసినది పరికరముల నడుమ. అచటినుండి గదికి కేబులు లాగుట తేలిక. ఇంకొందరు దానిని ప్రీహీటరు గోపురపు శిఖరమున పెట్టినచో అన్నియు కన్పట్టునని తలంతురు. నిలువు ఏరియలునుండి తరంగములు గారె ఆకారమున వ్యాపించును. ఏరియలు గారె చిల్లిలో గ్రుచ్చిన పుల్ల వంటిది. చుట్టుప్రక్కల బలముగను, తిన్నగా పైకి క్రిందకు బలహీనముగను ఉండును. గోపురపు పాదముననున్న పరికరములు ఆ చిల్లిలో పడును. పరికరముల కంటె కొన్ని మీటర్లు ఎత్తున నుండిన చాలును. ఇనుపగోడకు ఆనించినచో గారెలో సగము గోడపాలగును. అర మీటరైనను ఎడముండవలెను.

కంటికి కన్పట్టిన మాత్రమున తరంగమునకు దారి యున్నట్లు కాదు. తరంగము దారము వలె కాక, దోసకాయ వలె నడుమ లావై పోవును. 230 మీటర్ల దూరములో ఈ దోసకాయ నడుమ వ్యాసార్ధము సుమారు 2.7 మీటర్లు. మీటరెత్తున నాటిన ఏరియలు కబురులో క్రిందిభాగము నేలను రాచుకొనుచు పోవును. పరిగి, తాండూరు ప్రాంతములలో దీనికి వేరొక చిక్కు జోడగును. బెల్టు పొలముల మీదుగా పోవును. పొలములలో కంది వేయుదురు. లఖ్నాపురము, కోటిపల్లి జలాశయముల వంటి చోట నీటిమట్టమును కొలుచు పరికరమును నాటినను ఇదే పరిస్థితి. వేసవిలో, చేలు ఖాళీగా నున్నపుడు కొలిచి, అన్నియు బాగుగ నున్నవని సంతకము చేయుదురు. కార్తికమునాటికి కంది మనిషెత్తు పెరుగును. తడిసిన ఆకు ఈ తరంగములను బాగుగ త్రాగును. ఏరియలు కంబము ఎంత ఎత్తుండవలెనో నిర్ణయించునది పంట ఎత్తు, మే నెలలోని మైదానము కాదు.

బ్యాటరీ, ఆలస్యము, మౌనము

కొలతను ఎంతకొకమారు పంపవలెననునది బ్యాటరీ ఆయుస్సును నిర్ణయించును. నిమిషమునకొకటి చొప్పున దినమునకు 1,440 కబుర్లు. నాలుగు సెకనులకొకటి చొప్పున 21,600. అన్నింటికిని వేగము కావలెనని కోరుట సామాన్యమైన దోషము. బేరింగు వేడి నిమిషములో మారిపోవునది కాదు. గోపురములో సరకు మట్టము అంతకంటెను మందకొడిగా మారును. అడిగినదంతయు ఇచ్చినచో సంవత్సరమునకొకమారు బెల్టు పొడవున బ్యాటరీలు మార్చుకొనుచు పోవలసి వచ్చును; రాత్రి నడక వేరొక రూపమున తిరిగి వచ్చును.

కొన్ని పనులకు నిస్తంత్రి అసలే పనికిరాదు. బెల్టులో మనిషి చెయ్యి చిక్కుకొన్నపుడు ప్రక్కనున్న తాడు లాగినచో బెల్టు తక్షణమే ఆగవలెను. ఆ తాటి స్విచ్చికి తీగయే ఉండవలెను. దుమ్ము పట్టు విద్యుద్యంత్రములో విషవాయువగు కార్బన్ మోనాక్సైడు పెరిగినచో ప్రేలుడు కలుగవచ్చును గనుక విద్యుత్తును నిలుపు ఏర్పాటునకును తీగయే తగినది. నూటికి 99.6 అనుట బేరింగునకు గొప్ప సంఖ్య, చేతికి కాదు. వెయ్యి కబుర్లలో పోవు ఆ నాలుగింటిలో ఇది యొకటి కావచ్చును.

ఇక మౌనము సంగతి. పూర్వపు తీగలో ప్రవాహము సున్నయైనచో తెగినదని తెలిసెడిది. నిస్తంత్రి కబురు రానిచో కంట్రోలు గదిలోని తెర ఏమి చూపవలెను? ఏర్పాటు చేయనిచో చాలమారులు చివరి అంకెనే చూపుచుండును. తెరపై 68 డిగ్రీలు. చూచువాడు నిశ్చింతగా నుండును. ఆ 68 మూడుగంటల క్రిందటిది. బేరింగు ఈలోపల కాలిపోయి యుండవచ్చును. కనుక ప్రతి అంకె ప్రక్కన అది వచ్చిన వేళ యుండవలెను. నియమిత కాలములో క్రొత్త కబురు రానిచో అంకె రంగు మారి, గంట మ్రోగవలెను. వల పథకములో దీనిని చేర్చుట మరచినవారు తక్కినదంతయు బాగుగ చేసియు చెడుదురు.

నాటుట ముగిసిన పిమ్మట పరీక్ష యున్నది. అన్నియు పనిచేయుచున్నపుడు చూచుట పరీక్ష కాదు. గేటువే దాపుననున్న పరికరము నొకదానిని ఆర్పి, తక్కినవి వేరు దారులు వెదకుకొన్నవా చూడవలెను. దానిని వెలిగించి మరియొకదానిని ఆర్పవలెను. ఏది ఆరినపుడు ఎవరు మూగవోయిరో అచట పటములో ఒక చుక్క తక్కువైనదని తెలియును. సరకు ఎత్తు లారీలు బారులు తీరియున్న వేళ ఒకమారు, రాత్రి ఒకమారు చూడవలెను. సంవత్సరము తరువాత ఎవరో రేకుల షెడ్డు క్రొత్తగా వేయుదురు. ఆనాడు పటమును మరల తీయవలెను.

తిరుగుడు కొలిమి కడ పరీక్షలో సైతము దొరకని చిక్కు ఒకటున్నది. కొలిమి గొట్టమునకు కొంత ఎడముగా, వేడి తగులకుండ అమర్చిన పరికరము దానితో పాటు తిరుగుచుండును. చుట్టులో సగభాగము అది గేటువేకు ఎదురుగా నుండును. మిగిలిన సగము ఆ ఉక్కు గొట్టమే దానికి అడ్డు. కొలిమి నిమిషమునకు సరిగా 4 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. ఒక చుట్టునకు 15 సెకనులు. పరికరము నిమిషమునకొకమారు కబురు పంపును. నిమిషములో కొలిమి నాలుగు పూర్తి చుట్లు తిరిగి మొదటి స్థానమునకే వచ్చును. అనగా ప్రతి కబురును కొలిమి ఒకే స్థితిలో నున్నపుడే బయలుదేరును. ఎదుటి ప్రక్క నుండగా మొదలైనచో అన్నియు చేరును. చాటున నుండగా మొదలైనచో అన్నియు పోవును. వెంటవెంటనే మరల పంపినను చాటు ఏడు సెకనులపాటు తొలగదు. కొలిమి వేగము రవంత మారినపుడు స్థితి మెల్లగా జరుగును. గంటలకొలది మూగవోయిన పరికరము తనంతట తానే మాట్లాడ నారంభించును. పరికరము చెడినదని విప్పి చూచినచో అందులో లోపమేమియు కనబడదు. కొలిమికి రెండు ప్రక్కలను వినువారిని నాటినచో ఒకరికి చాటైనపుడు వేరొకరికి ఎదురగును. నిమిషమునకు మారుగా 52 సెకనులకొకమారు కబురు పంపుమని చెప్పినను చాలవరకు చిక్కు విడును.